ఆరో డిమాండ్ ఎందుకు కొట్టేశారు?

పోస్ట్ పెద్దదే. సగం చదివి కామెంట్ పెట్టొద్దని ముందే బతిమాలుకుంటున్నా.

హాస్టల్ సమస్యల మీద ఆఫీసర్లకి ఇద్దామని మనం రాసుకున్న వినతిపత్రంలో మొదట 9 డిమాండ్లు ఉన్నాయి. మెస్ చార్జీలు పెంచాలి, బాత్రూములకి తలుపులు పెట్టించాలి, దోమతెరలు ఇవ్వాలి, ప్రతి హాస్టల్లో ఏఎన్‌ఎం ఉండాలి, ఇలాంటివి. ఆరోది ఇది: గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో, హాస్టళ్ళలో 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా వయసుకి తగ్గట్టు శరీరం గురించి, లైంగిక ఆరోగ్యం గురించి, చట్టం గురించి పాఠాలు చెప్పించాలి.

పోయిన ఆదివారం ఫైనల్ కాపీ గ్రూపులో పెట్టారు. అందులో 8 డిమాండ్లే ఉన్నాయి. ఆరోది లేదు. ఏమైందని అడిగితే సీనియర్ అన్నలు మూడు కారణాలు చెప్పారు. ఒకటి, ఇది మన గిరిజన సంస్కృతి కాదు. రెండు, ఇవన్నీ చెప్తే పిల్లలు చెడిపోతారు. మూడు, ఇలాంటిది రాసిస్తే మన పిల్లల పరువు పోద్ది, బయటవాళ్ళు ఏదేదో అనుకుంటారు. ఒక అన్న అయితే "ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఈ గొడవ" అన్నాడు. దానికి జవాబు చెప్పను. మిగతా మూడిటికీ చెప్తాను.

ముందు నేనెవరో తెలియనివాళ్ళకి. మాది యానాది కుటుంబం. కొల్లేరులో చేపల చెరువుల కాపలా మా అమ్మానాన్నల పని. ఊరు అని చెప్పుకోడానికి మాకు గట్టు మీద పాకే. చెరువు లీజు మారితే పాక కూడా మారుద్ది. మా ఇంట్లో పదో తరగతి పాసైంది నేనే మొదలు. ఇప్పుడు ఏలూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. కాబట్టి పట్నంలో ఏసీ రూములో కూర్చుని ఎవరో రాసిన మాటలు కావివి.

*అసలు ఇప్పుడు మన పిల్లలకి ఎవరు చెప్తున్నారు?*

ఏమీ చెప్పకపోతే పిల్లలకి ఏమీ తెలియదు అనుకుంటున్నారు చూడండి, అక్కడే వస్తోంది తేడా. గట్టు మీద కరెంటు ఉన్నా లేకపోయినా ఫోన్ ఉంది. ఎనిమిదో తరగతి కుర్రాడు ఆ ఫోన్లో ఏం చూస్తున్నాడో మీకూ తెలుసు, నాకూ తెలుసు. దాంట్లో ఆడమనిషి వద్దంటే కూడా ఊరుకోరు, ఏడిస్తే నవ్వుతారు. మన తమ్ముళ్ళకి దొరికిన మొదటి పాఠం అది. మాస్టారు చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు, మనం చెప్పలేదు. ఫోన్ చెప్పింది.

బడిలో పాఠం లేదా అంటే ఉంది. ఎనిమిదో తరగతి సైన్సులో కౌమార దశ గురించి ఉంది, పదిలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. నేను చదివిన బడిలో ఆ పాఠం వచ్చిన రోజు మాస్టారు "ఇది ఇంటి దగ్గర చదువుకోండి, పరీక్షలో రెండు మార్కులే" అని పేజీలు తిప్పేశారు. ఇంటి దగ్గర ఎవరు చెప్తారండి? మా అమ్మ వేలిముద్ర వేస్తుంది. మన గ్రూపులో ఎంతమందికి ఆ పాఠం నిజంగా క్లాసులో చెప్పారో కామెంట్లో రాయండి, లెక్క తేలుద్ది.

అమ్మాయిల సంగతి. 2021 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం 'స్వేచ్ఛ' పేరుతో 7 నుంచి 12వ తరగతి దాకా ఆడపిల్లలకి నెలకి 10 నాప్కిన్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పనే, దాన్ని తక్కువ చేయను. కానీ ఏడో తరగతికి ముందే పెద్దమనిషి అయిన పిల్ల పరిస్థితి ఏంటి? మా బడిలో ఒక పిల్ల రక్తం చూసి తనకేదో రోగమొచ్చి చచ్చిపోతున్నా అనుకుని బాత్రూంలోంచి బయటికి రాలేదు. ప్యాకెట్ చేతికిచ్చేముందు పది నిమిషాలు కూర్చోబెట్టి అది ఏంటో, ఎందుకో చెప్తే ఆ పిల్లకి ఆ భయం ఉండేది కాదు. ఇంకో సంగతి, ఆ మాట మగపిల్లలకీ చెప్తే లంగా మీద మరక చూసి నవ్వే పని ఉండదు. ఆ నవ్వులకే బడి మానేసిన వాళ్ళు నాకు తెలుసు.

ఇప్పుడు లెక్కలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయిపోయింది. దేశం మొత్తం మీద అది 23.3 శాతం. 15 నుంచి 19 ఏళ్ళ వాళ్ళలో అప్పటికే తల్లులైనవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు మన రాష్ట్రంలో 12.6 శాతం. దేశం మొత్తానికి 6.8. అంటే దాదాపు రెండింతలు. ఇవి అన్ని కులాలూ కలిపిన లెక్కలు. మన గట్ల మీద, మన గూడేల్లో ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో, మీ పక్కింట్లో పదహారేళ్ళ తల్లి లేదని ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

*మొదటి కారణం: ఇది మన సంస్కృతి కాదు*

ఏది మన సంస్కృతి? ఈ విషయాల గురించి నోరెత్తకపోవడమా? మా నాయనమ్మ మంత్రసాని. గట్టు మీద పాకల్లో ఎన్ని పురుళ్ళు పోసిందో లెక్కలేదు. నెలసరి గురించి, కడుపు గురించి, పురుడు గురించి ఆమె మగవాళ్ళ ముందు కూడా సిగ్గు లేకుండా మాట్లాడేది. సిగ్గు లేకుండా అంటే తిట్టు కాదు, వంటకం గురించి చెప్పినట్టు చెప్పేది అని. మా యానాదుల్లో పిల్లా పిల్లాడూ ఇష్టపడి కలిసి బతకడం, పొసగకపోతే విడిపోయి మారుమనువు చేసుకోవడం కొత్త కాదు. భర్త పోయినామెని మూల కూర్చోబెట్టడం మనకి లేదు. బస్తర్ మురియా గోండుల్లో ఘోటుల్ ఉండేది. పెళ్ళికాని పిల్లలు సాయంత్రాలు అక్కడ చేరి ఆటా పాటా పనితో పాటు ఆడామగా సంబంధాల గురించి కూడా పెద్దపిల్లల దగ్గర నేర్చుకునేవాళ్ళు. వెరియర్ ఎల్విన్ దాని మీద 1947లో పెద్ద పుస్తకమే వేశాడు.

ఘోటుల్ మళ్ళీ కట్టమని నేను అనట్లేదు. ఆ రోజులు వేరు. అప్పుడు హెచ్‌ఐవీ లేదు, పోక్సో లేదు, ఫోన్లో వీడియో తీసి బెదిరించేవాడు లేడు. పాత పద్ధతుల్లో అన్నీ మంచివే అని కూడా అనను, చిన్నపిల్లలకి పెళ్ళి చేసేది కూడా మన పెద్దలే కదా. నేను చెప్పేది ఒక్కటే. పిల్లలకి ఈ విషయాలు చెప్పడం అనేది మన తెగలకి తెలియని పని కాదు. నోరు మూసుకుని కూర్చోవడమే మనం బయటినుంచి నేర్చుకున్నాం. హాఫ్ శారీ ఫంక్షన్ ఎలా నేర్చుకున్నామో, ముట్టయిన పిల్లని దూరంగా కూర్చోబెట్టడం ఎలా నేర్చుకున్నామో, ఇదీ అలాగే. పెద్దకులాల ఇళ్ళలో పరువు అనేదాన్ని చూసి మనం కూడా అలా ఉంటే గొప్ప అనుకున్నాం. ఇప్పుడు దానికే గిరిజన సంస్కృతి అని పేరు పెడుతున్నాం.

ఈ 'సంస్కృతి' మాట మనకి పైనుంచి కూడా వచ్చింది. 2005లో కేంద్రం, ఎయిడ్స్ నియంత్రణ సంస్థతో కలిసి బడుల్లో కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టింది. 2007 వచ్చేసరికి మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్, గుజరాత్ లాంటి రాష్ట్రాలు మా పిల్లలకి ఇది వద్దన్నాయి. తర్వాత రాజ్యసభ పిటిషన్ల కమిటీ దీన్ని పరిశీలించి 2009లో రిపోర్టు ఇచ్చింది. మన దేశ సంస్కృతికి లైంగిక విద్య సరిపడదని, పెళ్ళికి ముందు సంబంధం తప్పని పిల్లలకి చెప్పాలని, హెచ్‌ఐవీ లాంటి పాఠాలు తీసేసి ఇంటర్ స్థాయి జీవశాస్త్రంలో పెట్టుకోవచ్చని అందులో సారాంశం. ఆ కమిటీ చైర్మన్ మన తెలుగాయనే, ఎం. వెంకయ్యనాయుడు గారు. సొంత జిల్లా నెల్లూరు. మా యానాదులు ఎక్కువగా ఉన్న జిల్లా అదే.

ఇంటర్లో చెప్పుకోవచ్చట. మన పిల్లలు ఇంటర్ దాకా ఎంతమంది వస్తున్నారండి? నాతో ఆరో తరగతిలో చేరిన యానాది పిల్లలు పదకొండు మందిమి. ఇంటర్ గడప తొక్కింది ఇద్దరం. మిగతా తొమ్మిది మందిలో ఆరుగురు ఆడపిల్లలు, ఆరుగురికీ పిల్లలున్నారు. ఇంటర్లో చెప్తాం అంటే వాళ్ళకి ఎప్పటికీ చెప్పం అనే అర్థం. ఇంటర్ దాకా ఎలాగూ వచ్చే ఇళ్ళని మనసులో పెట్టుకుని ఆలోచిస్తే అలాంటి సిఫార్సే వస్తుంది. మనం కూడా అదే మాట పట్టుకుంటే ఎలా?

*రెండో కారణం: చెప్తే చెడిపోతారు*

ఇది అందరూ అనే మాట. దీని మీద ప్రపంచమంతా పరిశోధనలు జరిగాయి. యునెస్కో వాటన్నిటినీ చూసి 2009లో, మళ్ళీ 2018లో మార్గదర్శకాలు వేసింది. పాఠం చెప్పినందువల్ల పిల్లలు తొందరపడరని, రిస్కు పనులు ఎక్కువ చేయరని, సరిగ్గా చెప్తే ఇంకా జాగ్రత్తపడతారని అందులో తేలింది. వద్దు వద్దు అని మాత్రమే చెప్పే పాఠాలు పనిచేయలేదని కూడా తేలింది.

అది విదేశాల సంగతి అనేవాళ్ళకి జార్ఖండ్ ఉంది. అక్కడ 2006 నుంచి ప్రభుత్వ బడుల్లో 'ఉడాన్' పేరుతో కౌమార విద్య నడుస్తోంది. జార్ఖండ్ అంటే సంతాల్, ముండా, ఓరావ్, హో పిల్లలున్న రాష్ట్రం. మన అన్నదమ్ములే. కస్తూర్బా స్కూళ్ళలో కూడా పెట్టారు. వాళ్ళకి పోని సంస్కృతి మనకే పోద్దా?

మన తెలుగులో కూడా ఒక సాక్ష్యం ఉంది. విజయవాడ డాక్టర్ సమరం గారు స్వాతి వీక్లీలో ఏళ్ళ తరబడి ఈ విషయాల మీద జనం ప్రశ్నలకి జవాబులు రాశారు. పత్రిక కొన్న ఇళ్ళలో ఆ పేజీ ఎవరూ చూడనప్పుడు అందరూ చదివేవాళ్ళు. అంటే ఆ ప్రశ్నలు తెలుగువాళ్ళకి లేకపోలేదు. అడిగే చోటు లేక పత్రికకి ఉత్తరం రాసుకున్నారు. చదువొచ్చినవాళ్ళకి ఆ పత్రిక అయినా ఉంది. చదువురాని గట్టు మీద వాళ్ళకి ఏముంది? ఆర్‌ఎంపీ డాక్టరు, కిళ్ళీ కొట్టు, ఫోను.

'చెడిపోవడం' అంటే నిజంగా ఏంటో చెప్తాను, ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి తమ్ముళ్ళూ.

మా వరసకి బావ అయ్యేవాడు ఒకడున్నాడు. పంతొమ్మిదేళ్ళు. పదహారేళ్ళ పిల్లని ఇష్టపడ్డాడు, ఆ పిల్లా ఇష్టపడింది. ఇద్దరూ వెళ్ళిపోయారు. మన పద్ధతిలో అయితే పెద్దలు కూర్చుని తప్పు కట్టించి కలిపేవాళ్ళు. కానీ ఆసుపత్రిలో పిల్ల వయసు అడిగారు, పోలీసులకి కబురు వెళ్ళింది, కేసయ్యింది. వాడు జైలుకెళ్ళాడు, ఆ పిల్ల కడుపుతో పుట్టింట్లో ఉంది. వాడికి ఇప్పటికీ అర్థం కాలేదు, "నేనేం బలవంతం చేయలేదు కదా" అంటాడు.

వాడికి ఎవరూ చెప్పలేదు. 2012లో పోక్సో చట్టం వచ్చాక 18 ఏళ్ళ లోపు పిల్లతో సంబంధం, ఆ పిల్ల ఒప్పుకున్నా సరే, నేరమే. అంతకుముందు ఆ వయసు 16. పెళ్ళి చేసుకున్నాం కదా అంటే అదీ కుదరదు. భార్య అయినా 18 నిండకపోతే అది అత్యాచారమే అని సుప్రీంకోర్టు 2017 అక్టోబరులో తేల్చి చెప్పింది. చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, డాక్టరైనా సరే. పదోతరగతిలో ఒక్క గంట ఈ మాటలు చెప్పి ఉంటే వాడు రెండేళ్ళు ఆగేవాడేమో. ఆగకపోయినా, తెలిసి చేశాడని అయినా అనుకునేవాళ్ళం. తెలియకుండా మన కుర్రాళ్ళు జైలుకి పోతుంటే, పాఠం చెప్తే చెడిపోతారు అని మనం కూర్చున్నాం.

పడమటి బెంగాల్ కేసు ఒకటి మీరు వినే ఉంటారు. ఇలాగే పద్నాలుగేళ్ళ పిల్ల ఒకతనితో వెళ్ళిపోయింది. 2023లో కలకత్తా హైకోర్టు అతన్ని వదిలేస్తూ, ఆడపిల్లలు కోరికలు అదుపులో పెట్టుకోవాలని నీతులు చెప్పింది. సుప్రీంకోర్టు ఆ మాటల్ని తప్పుపట్టి 2024 ఆగస్టులో ఆ తీర్పు కొట్టేసింది. చివరికి 2025 మేలో, నేరం జరిగినా అతనికి శిక్ష వేయలేదు. ఎందుకంటే ఆ పిల్లని జరిగినదానికన్నా తర్వాత పోలీసులు, కోర్టులు, సమాజం, ఇల్లు పెట్టిన బాధే ఎక్కువని కోర్టుకి అర్థమైంది. ముందే ఎంచుకునే తెలివి ఆ పిల్లకి ఎవరూ ఇవ్వలేదని కూడా కోర్టు గుర్తించింది. 2024 సెప్టెంబరులో ఇంకో తీర్పులో కూడా సమగ్ర లైంగిక విద్య గురించి ప్రభుత్వం ఆలోచించాలని చెప్పింది. 2025 అక్టోబరులో అయితే తొమ్మిదో తరగతి దాకా ఆగడం ఎందుకు, ఇంకా చిన్న వయసు నుంచే చెప్పాలి అంది. దేశంలో పెద్ద కోర్టు చెప్తున్న మాట మన వినతిపత్రంలో రాయడానికి మనకి సిగ్గేస్తోంది.

ఇంకో మాట, అమ్మాయిలూ. కడుపొస్తే పోలీసు కేసవుద్దని భయపడి ఎంతమంది ఆసుపత్రికి పోకుండా దొంగ మాత్రలు మింగి రక్తం పోయి పడిపోతున్నారో. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది: మైనర్ పిల్ల, ఆమె గార్డియన్ కోరితే, డాక్టరు పోలీసులకి ఇచ్చే సమాచారంలో ఆ పిల్ల పేరు, వివరాలు చెప్పక్కర్లేదు. 2021లో మారిన చట్టం ప్రకారం మైనర్లకి 24 వారాల దాకా అబార్షన్‌కి వీలుంది, గార్డియన్ సంతకం కావాలి. ఈ రెండు ముక్కలు తెలిసి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో ఆలోచించండి. ఇది చెప్పడం చెడగొట్టడమా?

*మన పిల్లలకి ప్రత్యేకంగా ఎందుకు కావాలి*

బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం, కుక్కునూరు, వేలేరుపాడు వైపు నుంచి వచ్చిన కోయ, కొండరెడ్డి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది మీకోసం. సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఆదివాసీల్లో ఎక్కువ. 2023 జులైలో కేంద్రం దాని మీద మిషన్ పెట్టి, 2047కల్లా లేకుండా చేస్తామని గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేస్తోంది. పరీక్ష చేసి కార్డు చేతికిస్తారు. ఆ కార్డు అర్థం ఏంటి? జబ్బు బయటపడకుండా జన్యువు మాత్రం మోసేవాళ్ళు ఇద్దరు పెళ్ళి చేసుకుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ లెక్క పెళ్ళికి ముందు తెలియాలి. పిల్లలు ఎలా పుడతారో చెప్పకుండా, తల్లి నుంచి సగం తండ్రి నుంచి సగం ఎలా వస్తుందో చెప్పకుండా ఈ కార్డు ఇస్తే అది బీరువాలో రేషన్ కార్డు పక్కన పడుంటుంది. మేనరికాలు చేసుకునే మనకి ఇది ప్రాణం మీద సంగతి.

హెచ్‌ఐవీ సంగతి. 2021 అంచనాల్లో మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాత ఎక్కువ శాతం ఉన్నది మన ఆంధ్రప్రదేశ్‌లోనే, పెద్దవాళ్ళలో 0.67 శాతం. దేశం మొత్తానికి 0.21. వలస పనులకి పోయేది ఎవరు? మనమే.

హాస్టల్ పిల్లల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. ఇంట్లో ఉండే పిల్లకి ఏదైనా జరిగితే కనీసం అమ్మ ముఖం చూస్తుంది. ఆరేళ్ళకే హాస్టల్‌కి వచ్చిన పిల్లకి ఎవరున్నారు? కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో చేసిన అధ్యయనంలో 53 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. అందులో సగం కన్నా ఎక్కువ మగపిల్లలే. వేధింపులు ఎక్కువగా బయటపడిన రాష్ట్రాల్లో మన రాష్ట్రం ఒకటి. పోక్సో కేసుల్లో నూటికి తొంభై పైగా నిందితులు పిల్లకి తెలిసినవాళ్ళే. తెలియనివాడి దగ్గర చాక్లెట్ తీసుకోవద్దు అని చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. తెలిసినవాడు, అన్నం పెట్టేవాడు, మార్కులు వేసేవాడు చెయ్యేస్తే ఏం చేయాలో చెప్పాలి. తన ఒంట్లో భాగానికి పేరు తెలియని పిల్ల ఏం జరిగిందని ఫిర్యాదు చేస్తుంది? 1098 నంబరు గోడ మీద రాసుంటే చాలదు, ఫోన్ చేసి ఏ మాట చెప్పాలో కూడా పిల్లకి రావాలి.

*మూడో కారణం: పరువు*

ఈ కారణాన్ని నేను కొట్టిపారేయను. మూడింట్లో ఇదొక్కటే నన్ను ఆలోచనలో పడేసింది. గిరిజనులంటే కట్టుబాటు లేనివాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు ఎలాంటివాళ్ళో అని బయట అనుకునే మాటలు నేనూ విన్నాను. మన ఒంటి మీద, మన తిరుగుడు మీద ఎప్పుడూ ఎవడో ఒకడి కాపలా ఉంది. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలని, ఇంకా ఎన్నో తెగలని పుట్టుకతోనే దొంగలని రాసి హాజరు వేయించారు. అది పోయింది 1952లో. ఈమధ్య కూడా మహారాష్ట్రలో గిరిజన హాస్టళ్ళలో సెలవులకి ఇంటికెళ్ళొచ్చిన అమ్మాయిలకి ప్రెగ్నెన్సీ టెస్టులు చేయించారని వార్తలొచ్చాయి. "లైంగిక విద్య కావాలి" అని మనం రాసిస్తే, ఆ ఆఫీసర్లు పాఠం మానేసి టెస్టులు మొదలుపెడతారేమో అనే భయం తప్పు కాదు.

అందుకే డిమాండ్ తీసేయకూడదు, ఇంకా గట్టిగా రాయాలి. మనం ఏమీ రాయకపోతే వాళ్ళకి తోచింది చేస్తారు. గేటుకి తాళం, ఫోన్ లాక్కోవడం, నెలసరి రిజిస్టరు, టెస్టులు. ఇవన్నీ నిఘా. మనం అడిగేది చదువు. నిఘా పిల్లని అనుమానిస్తుంది, పాఠం పిల్లకి తన గురించి తనకి చెప్తుంది. ఈ తేడా మన కాగితంలో రెండు వాక్యాల్లో రాస్తే ఏ ఆఫీసరైనా అర్థం చేసుకోవాల్సిందే. పైగా మనం ఒక్క గిరిజన పిల్లలకే అడుగుతున్నట్టు కాకుండా, అన్ని బడుల పిల్లలకీ ఇవ్వాల్సినదాన్ని మనకి ముందు ఇవ్వండి, మన దగ్గర అవసరం ఎక్కువ కాబట్టి, అని రాద్దాం. అప్పుడు పరువు ఎక్కడ పోద్ది?

ఇంకో నిజం. పదహారేళ్ళ పిల్ల కడుపుతో బడి మానేసినప్పుడు పోలేదా పరువు? మన కుర్రాడు పోక్సోలో పోయినప్పుడు పేపర్లో ఊరి పేరుతో సహా వచ్చినప్పుడు పోలేదా? అప్పుడు మనం గ్రూపులో ఒక్క పోస్ట్ కూడా పెట్టలేదు.

*పాఠం ఒక్కటే చాలదు, నాకూ తెలుసు*

మా గట్టు మీద పిల్లకి పదిహేనేళ్ళకే పెళ్ళి ఎందుకు చేస్తారు? అమ్మానాన్నలకి తెలియక కాదు. రాత్రంతా ఇద్దరూ చెరువు చుట్టూ కాపలా తిరగాలి, మేత కట్టాలి, పట్టుబడి రోజు తెల్లారేదాకా అక్కడే ఉండాలి. పాకకి సరైన తలుపు లేదు, మరుగుదొడ్డి లేదు, లారీలు వస్తాయి పోతాయి. వయసొచ్చిన పిల్లని ఒంటరిగా వదల్లేక ఒకడి చేతిలో పెట్టేస్తారు. ఆ భయానికి పాఠం మందు కాదు. దానికి ఇంటి స్థలం కావాలి, ఇల్లు కావాలి, ఊళ్ళో ఉండి చదువుకునే హాస్టల్ సీటు కావాలి, చెరువు యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరాలి. ఇవన్నీ మన మిగతా డిమాండ్లలో ఉన్నాయి, ఉండాలి. కానీ ఇల్లు వచ్చేదాకా పాఠం ఆగాలని ఎక్కడుంది? ఇంటికి కోట్లు కావాలి. పాఠానికి వారానికి ఒక పీరియడ్ చాలు.

టీచర్లు చెప్పలేరు, సిగ్గుపడతారు అంటారా? నిజమే. అందుకే ట్రైనింగ్ అడగాలి. 2020లో వచ్చిన స్కూల్ హెల్త్ ప్రోగ్రాం ప్రకారం ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చి వారానికి ఒక గంట 11 అంశాల మీద చెప్పించాలి. ఎదుగుదల, నెలసరి, హెచ్‌ఐవీ, హింస, ఇంటర్నెట్ వాడకం అన్నీ అందులో ఉన్నాయి. అంటే మనం కొత్త పథకం అడగట్లేదు. కాగితం మీద ఉన్నదాన్ని మన హాస్టల్ దాకా తెమ్మంటున్నాం.

*కాబట్టి ఆరో డిమాండ్ ఇలా రాద్దాం*

1. 6, 7 తరగతుల్లో: ఒంట్లో భాగాల పేర్లు, మంచి స్పర్శ చెడ్డ స్పర్శ, నెలసరి అంటే ఏంటి, ఎవరికి చెప్పాలి, 1098. ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఇద్దరికీ.

2. 8 నుంచి 10 దాకా: శరీరంలో, మనసులో మార్పులు, ఒప్పుకోలు అంటే ఏంటి, వద్దంటే వద్దనే అర్థం, గర్భం ఎలా వస్తుంది ఎలా రాకుండా చూసుకోవచ్చు, సుఖవ్యాధులు, హెచ్‌ఐవీ, పోక్సో, బాల్య వివాహ నిరోధక చట్టం, ఫోన్లో చూసేవి నిజం ఎందుకు కావు.

3. ఇంటర్లో: సికిల్ సెల్ కార్డు అర్థం, పెళ్ళికి ముందు పరీక్ష, ఆసుపత్రిలో మన హక్కులు.

4. పాఠం పిల్లలకి అర్థమయ్యే మాటల్లో ఉండాలి. కోయ పిల్లలకి కోయ భాషలో. ఆడపిల్లలకి ఆడమనిషే చెప్పాలి, తర్వాత కలిపి కూడా చెప్పాలి.

5. ఏ హాస్టల్లోనూ అమ్మాయిలకి ప్రెగ్నెన్సీ టెస్టులు, నెలసరి రిజిస్టర్లు పెట్టకూడదని రాతపూర్వకంగా ఆర్డరు ఇవ్వాలి.

6. ప్రశ్నల పెట్టె ఉండాలి. పేరు రాయకుండా చీటీ వేయొచ్చు. ఏఎన్‌ఎం వచ్చి జవాబులు చెప్పాలి.

వచ్చే ఆదివారం వినతిపత్రం మీద సంతకాలు అన్నారు. దానికి ముందు ఈ ఆరో డిమాండ్ మీద గ్రూపులో పోల్ పెట్టమని అడ్మిన్ అన్నలని అడుగుతున్నా. ముగ్గురు కలిసి తీసేయడానికి ఇది ముగ్గురి కాగితం కాదు. చెల్లెళ్ళూ, మీరు కామెంట్ పెట్టడానికి భయపడితే పోల్‌లో ఓటైనా వేయండి, పేరు కనపడకుండా పెట్టమని చెప్తా. ఎవరికైనా నా మాటల్లో తప్పు కనిపిస్తే ఏ వాక్యం తప్పో, ఎందుకు తప్పో రాయండి, జవాబు చెప్తాను. "ఇలాంటివి గ్రూపులో మాట్లాడకూడదు" అనేది మాత్రం జవాబు కింద లెక్కవేయను.

ఓటేసి డిమాండ్ వద్దని తేలితే, 8 డిమాండ్ల కాగితం మీద కూడా నేను సంతకం పెడతాను, తలుపులూ దోమతెరలూ కూడా మాకు కావాలి. కానీ తొమ్మిదో కాగితం ఒకటి విడిగా రాసి, మా హాస్టల్ అమ్మాయిల సంతకాలతో నేనే తీసుకెళ్ళి ఇస్తాను. ఇప్పటికి పద్నాలుగు సంతకాలు అయ్యాయి.

జై ఆదివాసీ.